పోయిన సొమ్ము తెచ్చి యిత్తుమనువారు
(పొదటూరుపేట ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. ఈ సంవత్సరము పేరు పరాభవ. పేరు విని వెనుక వరుసలో ఎవరో “ఇదేమి పేరబ్బా” అనుట మాకు వినబడినది. అరువది సంవత్సరములలో అదియు ఒకటి, పేరు చూచి భయపడ నక్కరలేదు. అయితే కార్యదర్శిగారు మాకు అప్పగించిన విషయమునకు ఆ మాట చక్కగా కుదిరినది. డబ్బు మోసపోయిన మనిషికి పోయిన డబ్బు కంటె, నలుగురిలో పరాభవము జరుగునను భయమే ఎక్కువగా నుండును. ఆ భయమునే పెట్టుబడిగా పెట్టుకొని, పోయిన సొమ్ము తెచ్చి యిత్తుమని రెండవ దొంగ ఒకడు వచ్చును. వానిని గూర్చియే ఈ పూట మా మాటలు.

మనది వలస తెలుగువారి సంఘము. మనలో కొందరు ఉద్యోగములకు, వ్యాపారములకు వచ్చి చేరినవారు. మరికొందరు ఇంటి గడప దాటకుండగనే వలసవారైనవారు. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దే వారి ఇంటి మీదుగా నడచిపోయి, ముందునాటి చిత్తూరు జిల్లావారిని మరునాటికి మదరాసు రాష్ట్రమువారిని చేసినది. ఆ కథ పెద్దది, ఇప్పుడు వలదు. ఎందుకు చెప్పితిమనగా, రెండు భాషలు వచ్చిన మనకు రెండు భాషలలోను దొంగ ఫోన్లు వచ్చును. తమిళములో మాటలాడువాడు సర్కారు ఆఫీసరు గొంతు పెట్టును. తెలుగులో మాటలాడువాడు “అన్నా, మనమంతా వొకటే” అనును. పరాయి రాష్ట్రములో మన మాట చెవిని పడగానే మన మనస్సు మెత్తబడును. ఈ రెండవవాడే మనకు ఎక్కువ ప్రమాదమని మా అభిప్రాయము.

మొదటి దొంగ సంగతి మీకందరకు తెలిసినదే గనుక త్వరగా చెప్పి దాటెదము. చెన్నై అమింజికరై కేంద్రముగా నడచిన ఆరుద్రా గోల్డ్ ట్రేడింగు వ్యవహారము 2022లో బయటపడినది. నెలకు నూటికి ఇరువదియైదు మొదలు ముప్పది రూపాయల వడ్డీ యని ఆశచూపి, సుమారు లక్షమంది వద్ద 2,438 కోట్ల రూపాయలు వసూలు చేసినారని తమిళనాడు ఆర్థిక నేరముల విభాగమువారి కేసు. కంప్యూటరు నాణెముల వైపు చూచినచో, గెయిన్ బిట్‌కాయిన్ అను పథకము దేశమంతట వ్యాపించినది. నెలకు నూటికి పది చొప్పున పదునెనిమిది నెలలు బిట్‌కాయిన్లే తిరిగి యిత్తుమనిరి. ముఖ్య నిందితుని పూణె పోలీసులు 2018లో అరెస్టు చేసినారు. ఆయన 2022లో మరణించెను. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులను సి.బి.ఐ.కి అప్పగించినది. నూలు ధర, కరెంటు బిల్లు, కూలి పోను ఒక లుంగీ మీద ఎంత మిగులునో మన ఊరిలో పవర్‌లూము నడుపువారు వ్రేళ్లమీద లెక్కగట్టి చెప్పగలరు. అట్టి ఊరివారును నెలకు నూటికి ముప్పది అనగానే లెక్క మరచుట ఆశ చేయు పని. దానిని గూర్చి ఇదివరకే అనేకులు ప్రసంగించినారు.

రెండవ దొంగను గూర్చి మాత్రము ఎవ్వరును సరిగా చెప్పుట లేదు.

ఒక ఇల్లు ఉన్నదనుకొనుడు. ఇది మేము కల్పించి చెప్పునది, ఎవరి ఇంటినో తలచుకొనకుడు. ఇంటాయనకు రెండు మగ్గములు కలవు. ఫోనులో ఎవరో చూపిన క్రిప్టో యాపులో నాలుగు లక్షలు పోసినాడు. అందులో లక్ష బావమరిది వద్ద తెచ్చిన అప్పు. యాపు ఒకనాడు తెరుచుకొనుట మానినది. భార్యకు పోయినది లక్షయేనని చెప్పినాడు. బావమరిదికి అసలు చెప్పలేదు. పోలీసులకును చెప్పలేదు. ఆరు నెలలు గడచిన పిమ్మట ఒక మధ్యాహ్నము ఫోను వచ్చినది.

“నమస్కారం సార్. ఫలానా యాప్‌లో మీరు నాలుగు లక్షల పన్నెండు వేలు పెట్టారు కదా?”

ఆయన గుండె ఝల్లుమన్నది. కట్టుకొన్న భార్యకు తెలియని అంకె వీనికెట్లు తెలిసినది? తెలిసినది గనుక వీడు ప్రభుత్వమువాడే కావలెనని తలచినాడు. అసలు సంగతి వేరు. మొదట దోచినవాడే ఆ లెక్క అమ్మి యుండును, లేదా వాడే గొంతు మార్చి మరల పిలిచి యుండును. మోసపోయినవారి పేర్లు, ఫోను నెంబర్లు, పోయిన మొత్తములు జాబితాలు కట్టి అమ్ముకొను వ్యాపారము లోకములో కలదు. ఒకసారి పడినవాడు మరల పడునని వారి లెక్క.

“మీ డబ్బు దొరికింది సార్. ఫారిన్ వాలెట్‌లో ఫ్రీజ్ అయి ఉంది. రేటు పెరిగి ఇప్పుడు పదకొండు లక్షలు అయింది. మీ పేరు మీద రిలీజ్ ఆర్డర్ రెడీ. రిజిస్ట్రేషన్ ఎనిమిది వేలు కడితే చాలు.”

ఒక లింకు పంపును. తెరచినచో ఆయన పేరు, ఫోటో, క్రింద పదకొండు లక్షల అంకె. ముద్రలున్న కాగితము ఒకటి, అశోకస్తంభము గుర్తు, ఇంగ్లీషు సంతకము. ఎనిమిది వేలు కట్టును. రెండు దినములకు జి.ఎస్.టి. యని ముప్పది రెండు వేలు. తరువాత డాలర్లను రూపాయలుగా మార్చు ఖర్చు. ఆ తరువాత మనీ లాండరింగు క్లియరెన్సు. ప్రతి మెట్టు ముందు మెట్టు కంటె పెద్దది. ఆయనకును అనుమానము రాకపోలేదు. అయినను “ఇంతదాక కట్టితిని, ఇప్పుడు మానినచో కట్టినదియు పోవునే” అను తలంపు ఆయనను ముందుకు నెట్టును. తెగిన పోగుకు ముడివేయబోయి పడుగంతయు తెంచుకొనుట ఇదియే. చివరకు భార్య మెడలోని గొలుసు తాకట్టు కొట్టునకు పోవును.

ఈ సంభాషణలో ఒక్క మాటను మీరు గుర్తుపెట్టుకొనవలెను. “ఇది సీక్రెట్ ఎంక్వైరీ సార్, ఇంట్లో కూడా చెప్పకండి.” ఆ మాట చెవిని పడిన క్షణముననే ఫోను పెట్టివేయుడు. దొంగకు కావలసినది మన అజ్ఞానము కాదు, మన ఒంటరితనము. బావమరిదికి తెలిసిన పక్షమున ఆయన “ఆ నెంబరు ఇట్లా ఇయ్యి బావా, నేను మాట్లాడతా” అనును. కథ అక్కడితో ముగియును.

ఈ దొంగకు వేషములు చాల. ఒకచోట వకీలు, ఒకచోట సైబరు పోలీసు, ఒకచోట దొంగలనే దోచి తెత్తుననెడి హ్యాకరు. మోసపోయినవారందరు టెలిగ్రాములో గుంపు కట్టుకొన్నచో అందులో దూరి “నాకు మొత్తం వచ్చేసింది, ఈ సారే ఇప్పించారు” అని సాక్ష్యము చెప్పువాడొకడు. మన పెద్దల కాలములో టెలిగ్రాము వచ్చినదనగా ఇంటిలో ఏడ్పులు మొదలగుచుండెను. తంతి సర్వీసు 2013 జూలైలో ఆగిపోయినది. ఈ కొత్త టెలిగ్రాము నవ్వుచు వచ్చుచున్నది, ఏడ్పులు మాత్రము తరువాత. కొందరు ఫీజు అడుగనే అడుగరు. “మీ ఫోన్ నేనే సరిచేస్తాను, ఈ యాప్ వేసుకోండి” అని మన తెర వారికి కనబడునట్లు చేసికొని, బ్యాంకులో మిగిలినది ఊడ్చుకొందురు. వాలెట్టు తెరచుటకుండు పన్నెండు రహస్య పదములను అడుగువారును ఇట్టివారే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు తెలివైనవారు, వారికిట్టివి జరుగవని అనుకొనకుడు. ఆ దేశపు ఎఫ్.బి.ఐ. వారు 2023 ఆగస్టులోనే హెచ్చరిక వేసినారు. క్రిప్టో మోసములో పోయిన డబ్బు తెత్తుమని చెప్పు కంపెనీలు పెరిగినవి, ముందుగా ఫీజు తీసికొని మాయమగుచున్నవి, లేదా అరకొర రిపోర్టు ఒకటి చేతబెట్టి మరల ఫీజు అడుగుచున్నవి అని అందులో నున్నది. 2024 జూనులో దొంగ వకీలు ఆఫీసులను గూర్చి మరియొక ప్రకటన వచ్చినది. 2023 ఫిబ్రవరి మొదలు 2024 ఫిబ్రవరి వరకు అట్టి వకీలు వేషములకు పోయినట్లు ఫిర్యాదులలో తేలిన మొత్తమే 99 లక్షల డాలర్లకు పైగా నున్నది.

“అయితే హ్యాకరు తేలేడా? కంప్యూటరులో పోయినది కంప్యూటరులోనే దొరకవలెను గదా” అని కాలేజి పిల్లలు అడుగుదురు. మాకు తెలిసినంతలో చెప్పెదము. 2009లో పుట్టిన బిట్‌కాయిన్‌కు ప్రధాన కార్యాలయము లేదు, మేనేజరు లేడు. ఎవరినుండి ఎవరికి ఎంత పోయినదో వ్రాసిన చిట్టా పుస్తకము ఒకటి కలదు. అది ప్రపంచములో వేలాది కంప్యూటర్లలో నుండును, ఎవరైనను చూడవచ్చును. చూచుట వేరు, తీయుట వేరు. ఒక పెట్టెలోని నాణెము కదలవలెనన్న ఆ పెట్టె తాళపుచెవి ఉన్నవాడే కదల్పవలెను. ఒకసారి పోయిన జమను వెనుకకు త్రిప్పు మార్గము ఆ పుస్తకములో లేదు. కావున “డబ్బు ఎక్కడున్నదో కనుగొంటిమి” అనుమాట నిజమైనను కావచ్చును. “తెచ్చి యిత్తుము” అనుమాట దానినుండి రాదు.

మరి ఎన్నడును దొరకదా యన్నచో, దొరికిన సందర్భములు లేకపోలేదు. 2021లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అను చమురు గొట్టముల కంపెనీ దోపిడిగాండ్రకు 75 బిట్‌కాయిన్లు కట్టినది. అందులో 63.7 బిట్‌కాయిన్లను ఆ దేశపు ప్రభుత్వము మరుసటి నెలలోనే పట్టుకొన్నది. 2016లో బిట్‌ఫినెక్స్ అను ఎక్స్చేంజినుండి పోయిన సుమారు లక్షా ఇరువదివేల బిట్‌కాయిన్లలో 94,000కు పైగా 2022 ఫిబ్రవరిలో పట్టుబడినవి. రెంటిలోను పట్టినది ప్రభుత్వము, కోర్టు వారంటుతో. నష్టపోయినవారికి ఫోను చేసి రిజిస్ట్రేషను ఎనిమిది వేలు కట్టుమని ఎవ్వరును అడుగలేదు.

ఇంకొక సంగతి వినుడు. ఇది మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది. పైన చెప్పిన గెయిన్ బిట్‌కాయిన్ కేసు దర్యాప్తులో పూణె పోలీసులు సాయముగా ఇద్దరు సైబరు నిపుణులను పెట్టుకొన్నారు. వారిలో ఒకరు పూర్వము ఐ.పి.ఎస్. ఆఫీసరుగా నున్నవారు. 2022 మార్చిలో అదే పూణె పోలీసులు వారిద్దరిని అరెస్టు చేసినారు. దర్యాప్తులో చేతికి వచ్చిన క్రిప్టోను తమ వాలెట్లకు మళ్లించుకొన్నారని ఆరోపణ. ఆరోపణను కోర్టు తేల్చవలెను, మనము తీర్పు చెప్పరాదు. కాని పోలీసు స్టేషనులో బల్ల ముందు కూర్చుండి పనిచేసిన నిపుణుల మీదనే ఇట్టి అనుమానము వచ్చినపుడు, ముఖము తెలియక, ఊరు తెలియక, ఫోను గొంతు తప్ప మరేమియు లేని నిపుణుని చేతిలో తాళపుచెవి పెట్టవచ్చునా?

క్రిప్టో మాకు లేదు, మాకేమి భయమనువారును వినవలెను. వల ఒకటే, చేపలే వేరు. పెద్దవారికి ఫోను వచ్చును. “అమ్మా, మీ ఇంటాయన మధ్యలో ఆపిన ఇన్సూరెన్సు పాలసీకి బోనస్ వచ్చింది, టాక్సు కడితే చెక్కు వస్తుంది” అందురు. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారు తాము పాలసీలు అమ్మమని, బోనస్ ప్రకటింపమని ఎన్నిసార్లో పత్రికలలో వేయించినారు. రిజర్వు బ్యాంకు పేరుతో ఉత్తరము వచ్చును. రిజర్వు బ్యాంకు మనవంటి వ్యక్తులకు ఖాతాలు పెట్టదు, మన సొమ్ము దాచదు. పి.ఎ.సి.ఎల్. భూముల పథకములో డబ్బు పెట్టి పోగొట్టుకొన్నవారు దేశములో కోట్లమంది. ఆ డబ్బు తిరిగి యిచ్చు ఏర్పాటునకు 2016లో సుప్రీంకోర్టు ఉత్తర్వు మీద రిటైర్డు ప్రధాన న్యాయమూర్తి లోధాగారి అధ్యక్షతన కమిటీ ఏర్పడినది. కమిటీ తమంత తాము అడిగిన సమయమున తప్ప అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికిని ఇయ్యవలదని వారు మాటిమాటికి హెచ్చరించినారు. డబ్బు తిరిగి వచ్చునన్న వార్త ఎక్కడ పుట్టునో అక్కడికి మధ్యవర్తి ముందుగా చేరును.

మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము గనుక రిఫండు అను మాటను గూర్చి కొంత చెప్పగలము. టిక్కెట్టు రద్దు చేసికొన్న ప్రయాణికుడు కౌంటరునకు వచ్చును. రద్దు ఛార్జీ కలదు, వెయిటింగు లిస్టు టిక్కెట్టయినచో క్లర్కేజి కలదు. ఆ మొత్తమును ఉన్న సొమ్ములోనే పట్టుకొని మిగిలినది ఇత్తురు. “ముందు నీ జేబులోనుండి అరువది రూపాయలు తీసి ఇమ్ము, తరువాత నీ ఐదువందలు ఇత్తుము” అని ఏ కౌంటరులోను అనరు. నిజముగా సొమ్ము చేతిలో నున్నవానికి ముందుగా అడుగవలసిన పని లేదు. కాబట్టి అట్టి ఫోను వచ్చినపుడు ఒక్క ప్రశ్న వేయుడు. “అయ్యా, మీ ఫీజు, మీ టాక్సు అంతయు ఆ పదకొండు లక్షలలోనే పట్టుకొని మిగతాది పంపండి.” దానికి వాడు “రూల్స్ ఒప్పుకోవు సార్” అనును. ఆ జవాబుతో మీకు కావలసినది తెలిసినట్లే.

వకీలు ఫీజు మాట వేరు. తిరుత్తణి కోర్టు ఆవరణలో కూర్చుండు వకీలు తాను చేయు పనికి ఫీజు తీసికొనును. అది ధర్మమే. మీ డబ్బు దొరికినది, నా వద్ద నున్నది అని చెప్పి తీసికొనడు. కేసు గెలుచుటకు నూటికి నూరుపాళ్లు హామీ ఇచ్చు వకీలును మేము ఇంతవరకు చూడలేదు. ఫోను చేయు వకీలు మాత్రము మొదటి వాక్యముతోనే హామీ ఇచ్చును.

ఇక నిజమైన త్రోవ ఏది? డబ్బు పోయినట్లు తెలిసిన నిమిషముననే 1930 నెంబరునకు ఫోను చేయవలెను. కేంద్ర హోము శాఖవారు నడుపు సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను చోట ఫిర్యాదు వ్రాయవలెను. రెంటికిని పైసా ఖర్చు లేదు. తొందర ఎందుకనగా, క్రిప్టో యన్న పేరున్నను మనము కట్టినది మొదట రూపాయలుగా బ్యాంకునుండియో యు.పి.ఐ. నుండియో పోవును. అది ఇంకను ఏదో బ్యాంకు ఖాతాలో నిలిచియుండగా పట్టుకొనుటకు కొంత వీలున్నది. చేయి మారి నాణెముగా మారి విదేశము దాటిన పిమ్మట వీలు తగ్గిపోవును. మన రాష్ట్రములో జిల్లా జిల్లాకు సైబరు పోలీసు స్టేషను కలదు. ఖాతాలో ఆపిన సొమ్మును ఇప్పించుట సాధారణముగా కోర్టు ఉత్తర్వు మీద జరుగును. చీటీ, డిపాజిట్టు కంపెనీల మోసములకు 1997 నాటి తమిళనాడు డిపాజిటర్ల రక్షణ చట్టము కలదు. దాని క్రింద కంపెనీ ఆస్తులను జప్తు చేసి, ప్రత్యేక కోర్టు ద్వారా అమ్మి, వచ్చినది డిపాజిటర్లకు వారి వారి పాలు ప్రకారము పంచుదురు.

ఇందులకు ఏండ్లు పట్టును. పూర్తిగా రాకయు పోవచ్చును. చాల కేసులలో ఏమియు రాదు. ఈ మాట చెప్పుటకు మాకును కష్టముగానే యున్నది, కాని పెండ్లి కూతురున్న ఇంటికి అబద్ధపు ఆశ చూపుట అంతకంటె పాపము. ఆలస్యమైనదని ఫిర్యాదు మానవలదు. ఫిర్యాదు లేనివారి పేరు రేపటి పంపకము జాబితాలో ఉండదు. కోర్టు వాయిదాల మధ్య గడచు ఆ ఏండ్లలోనే రెండవ దొంగ మన గుమ్మము చుట్టు తిరుగుచుండునని తెలిసియుండుడు.

ఇంటి ఆడవారితో ఒక మాట. మగవాడు వచ్చి “ఇంత పోయింది” అని చెప్పిన రాత్రి దయచేసి తిట్టకుడు. కోపము న్యాయమైనదే. మగ్గము మీద పడిన కష్టములో సగము మీది గనుక కోపమునకు మీకు హక్కున్నది. అయినను ఆ కోపమును ఒక వారము వాయిదా వేయుడు. చెప్పినందుకు తిట్లు తిన్నవాడు తరువాత ఏమియు చెప్పడు. చెప్పనివాడే రెండవ ఫోనునకు చిక్కును. కొందరు అంతకంటె ఘోరమైన తలంపులకు పోవుదురు. అట్టి రాత్రి మనిషిని ఒంటరిగా ఉంచక అన్ననో మామనో పిలిపించుడు. పోగొట్టుకొన్నది ఆడవారైనచో మగవారికిని మా మనవి ఇదే. మన సంఘములో సైతము మోసపోయినవానిని చూచి “ఆశకు పోయినాడు, అనుభవించనీ” అను మాట మేము విన్నాము. ఆ మాట అన్నవారు తమకు తెలియకుండగనే దొంగకు సాయము చేయుచున్నారు.

మీలో ఎవరికైన ఇట్టి నష్టము జరిగియున్నచో, లేదా డబ్బు తిరిగి యిత్తుమని ఫోను వచ్చుచున్నచో, భోజనముల తరువాత పందిరి ప్రక్క గదిలో మేమును మరి ఇద్దరు సభ్యులును కూర్చుండెదము. ఫిర్యాదు వ్రాయుటకు చేతనైన సాయము చేసెదము. పేరు బయటకు పోదు. రాలేనివారు వచ్చే ఆదివారము సంఘము గదికి రావచ్చును. వచ్చునపుడు బ్యాంకు పాసు పుస్తకము, డబ్బు పంపిన రసీదులు, వారు పంపిన సందేశములు చెరపకుండ ఉన్న ఫోను, వారి నెంబర్లు, పంపిన తేదీలు వ్రాసిన చీటీ తీసికొనిరండు. ఫోనులో వచ్చు ఓ.టి.పి.ని, బ్యాంకు పిన్నును మాత్రము ఎవ్వరికిని చెప్పవలదు, మాకును చెప్పవలదు.